మెషీన్‌లో మెమరీ ఉంది, బ్యాకప్‌కే లేదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

వరదల్లోనూ తుపానుల్లోనూ పాడైపోతున్న కార్యాలయ రికార్డులను స్కాన్ చేయించి కంప్యూటర్లలో భద్రపరచుకోవాలని సూచిస్తూ ఇటీవల మీ జిల్లా పేజీలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. సూచన మంచిదే. అయితే కాగితాన్ని బొమ్మగా మార్చి సర్వర్‌లో పెట్టినంత మాత్రాన అది భద్రమైపోదు. ఆ సర్వర్‌కు రాత్రిపూట తీసే నకలు, అంటే బ్యాకప్, తెల్లవారేసరికి నిజంగా ఉందో లేదో చూసుకోవలసిన పని అప్పుడే మొదలవుతుంది. ఈ సంగతి కొంత నష్టం మీద తెలుసుకున్నవాణ్ణి గనుక, మా కార్యాలయంలో జరిగినది కాస్త వివరంగా రాస్తున్నాను. డెల్టాలో ఇదే పనిలో ఉన్న సహకార సంఘాలకూ పురపాలక కార్యాలయాలకూ కళాశాలలకూ ఉపయోగపడుతుందని నా ఉద్దేశం.

మాది కోనసీమలో ఒక సహకార పరపతి సంస్థ. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు మా పాత భవనం పెంకులు లేచిపోగా, తడిసిన లెడ్జర్లను వారం రోజులపాటు పనలు ఆరబెట్టినట్టు ఎండలో పరిచి ఆరబెట్టారట. వాటిలో కొన్నింటి అంచుల్లో ఆ నీటి మరక ఇప్పటికీ గోధుమరంగు చారగా కనిపిస్తుంది. 2022 జులైలో గోదావరి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరికను దాటి వచ్చినప్పుడు కింది అంతస్తులోని బీరువాలను ఖాళీ చేసి కట్టలన్నీ పైకి మోసుకుపోయాం. ఆ అవస్థ తర్వాతే పాత కాగితాలన్నీ స్కాన్ చేయించాలని పాలకవర్గం తీర్మానించింది. పంట రుణాల దరఖాస్తులు, నగల తాకట్టు చీటీలు, పాసు పుస్తకాల నకళ్లు, సభ్యుల వాటా ధనం రసీదులు, ఇలా రోజుకు అయిదు వేల పేజీల దాకా ఎక్కించేవారు. ఒక్కో పేజీకి ఒక పెద్ద బొమ్మ, తెర మీద వెతుక్కోవడానికి ఒక చిన్న బొమ్మ తయారవుతాయి కాబట్టి రోజుకు పది వేల కొత్త ఫైళ్లు సర్వర్‌లోకి చేరుతుండేవి. ఈ లెక్కను గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను, ఎందుకంటే కథ అంతా ఈ సంఖ్య చుట్టూనే తిరుగుతుంది.

సర్వర్ పాతది. యూనిక్స్ కుటుంబానికి చెందిన ఏఐఎక్స్ మీద నడుస్తుంది. మెమరీ 32 జీబీ. రోజూ రాత్రి 11 గంటలకు ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము లేచి, ఆ రోజు కొత్తగా వచ్చిన, మారిన ఫైళ్లను రాజమహేంద్రవరంలో మేము అద్దెకు తీసుకున్న మరో మెషీన్‌కు పంపుతుంది. ఈ ప్రోగ్రామును ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనే ఇద్దరు రాసి 1996 జూన్‌లో, అంటే మా లెడ్జర్లు తడిసిన ఏడాదే, విడుదల చేశారు. ఇంతటి దీర్ఘకాలం నమ్మకంగా పనిచేసిన ప్రోగ్రాములు తక్కువ. మా దగ్గర ఉన్నది 2.6 వెర్షన్. అది పాతదన్న సంగతి మాకు తెలుసు గానీ, పాతదైతే ఏమవుతుందో తెలియదు.

తేడాను మొదట పసిగట్టింది నేను కాదు. ఉదయాన్నే వచ్చి బ్యాకప్ రిజిస్టరులో మొదలైన సమయం, ముగిసిన సమయం, ఫలితం రాసి సంతకం పెట్టే గుమాస్తా ఒక ఆవిడ ఉన్నారు. ఒకరోజు రిజిస్టరు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, "ఏవండీ, రాత్రి బ్యాకప్పు నాలుగు నిమిషాల్లో అయిపోయిందండి. మొన్నటిదాకా రెండు గంటలు పట్టేది కదండి, మిషను ఒక్కసారి అంత స్పీడెలా అయ్యిందంటారు?" అని అడిగారు. ఫలితం గడిలో రోజూలాగే "పూర్తయినది" అని ఉంది. నేను ఆ గడి చూసి, నెట్‌వర్క్ కేబుళ్లు మార్చారు కదా, అందుకే అయి ఉంటుందని చెప్పి పంపేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మెషీన్ పని తొందరగా ముగించిందంటే సంతోషించే ముందు, అది అసలు పని చేసిందా అని అడగాలన్న ఇంగితం ఆవిడకు ఉంది, నాకు లేకపోయింది.

ఆ తర్వాత 19 రోజులకు స్కానింగ్ చేసే కుర్రాడు పొరపాటున ఒక గ్రామానికి చెందిన డైరెక్టరీ మొత్తాన్ని చెరిపేశాడు. బ్యాకప్ నుంచి తెచ్చుకుందామని రాజమహేంద్రవరం మెషీన్ తెరిచి చూస్తే, ఆ 19 రోజుల్లో ఒక్క ఫైలు కూడా అక్కడికి చేరలేదు. కాగితాలు బీరువాలో ఉన్నాయి కనుక మళ్లీ స్కాన్ చేసుకున్నాం, పని పోయింది గానీ పత్రం పోలేదు. స్కాన్ అయిన కాగితాలను చింపేయాలన్న ఆలోచన అప్పటికే కొందరు చేస్తున్నారు. ఆ తీర్మానం ఒక నెల ముందు జరిగి ఉంటే ఈ లేఖ మరోలా ఉండేది.

బ్యాకప్ చచ్చిపోతుంటే రిజిస్టరులో "పూర్తయినది" అని ఎలా పడింది? ఇది చాలా చోట్ల ఉన్న లోపమని నా అనుమానం గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఒక అంకెను వదిలి వెళుతుంది. సున్నా అయితే క్షేమం, మరేదైనా అయితే ఏదో లోపం. ఆర్‌సింక్ విషయంలో 22 అంటే మెమరీ దొరకలేదని అర్థం. మా బ్యాకప్ స్క్రిప్టు, అంటే కమాండ్ల వరస, రాసినవారు, ఆర్‌సింక్ చెప్పే మాటలు తెర మీదా కనిపించాలి, జరిగినది నమోదయ్యే లాగ్ ఫైలులోనూ పడాలి అనుకుని, దాని ఔట్‌పుట్‌ను పైపు ద్వారా టీ అనే కమాండుకు కలిపారు. ఇది మనం తాగే టీ కాదు, బోరు గొట్టాన్ని రెండు పాయలు చేయడానికి ప్లంబరు వేసే టీ. ఆలోచన బాగానే ఉంది. కానీ రెండు కమాండ్లను పైపుతో కలిపినప్పుడు, కమాండ్లను అందుకుని నడిపించే షెల్ మామూలుగా చివరి కమాండు వదిలిన అంకెనే చూస్తుంది. ముందున్న ఆర్‌సింక్ 22 అని అరిచి చచ్చిపోయినా, వెనకున్న టీ తన పని తాను సక్రమంగా చేసి సున్నా ఇచ్చింది. స్క్రిప్టు ఆ సున్నా చూసి "పూర్తయినది" అని రాసింది. 19 రోజులపాటు మేము సంతకం పెట్టింది టీ కమాండు క్షేమ సమాచారానికి. బాష్ వంటి షెల్‌లలో పైప్‌ఫెయిల్ అనే అమరిక పెట్టుకుంటే పైపులో ఎవరు విఫలమైనా తెలుస్తుంది. మా పాత షెల్‌లో అది లేకపోవడంతో టీని తీసేసి, ఔట్‌పుట్‌ను నేరుగా ఫైలులోకి మళ్లించి, ఆర్‌సింక్ అంకెనే పట్టుకునేలా మార్చాం. టార్‌తో కట్ట కట్టి జిప్ చేసే స్క్రిప్టులు నడిపేవారు కూడా ఇదే పొరపాటు తమ దగ్గర ఉందేమో ఈ రాత్రే చూసుకోవడం మంచిది.

లాగ్ ఫైలు తెరిస్తే మెమరీ చాలలేదన్న వరస 19 రోజులుగా అక్కడే ఉంది. వెంటనే సర్వర్ల నిర్వహణ ఒప్పందం ఉన్న ఏజెన్సీవారిని పిలిచాం. వచ్చిన ఇంజనీరు వీఎంస్టాట్ కమాండు నడిపి, ఖాళీ మెమరీ చూపే గడిలో ఉన్న చిన్న అంకె మీద వేలు పెట్టి, "చూశారుగా, మెమరీ అయిపోయింది, ఇంకో 32 జీబీ వేయించాలి" అని కొటేషన్ ఇచ్చి వెళ్లారు. ఆయన తప్పుడు ఉద్దేశంతో అన్నారని నేను అనను. కానీ ఆ గడిని ఆయన చదివిన తీరు తప్పు. యూనిక్స్ రకాలు సాధారణంగా ఖాళీగా ఉన్న మెమరీని ఊరికే ఉంచవు. ఈమధ్య చదివిన ఫైళ్ల నకళ్లను అందులో దాచుకుంటాయి, ఏ ప్రోగ్రాముకైనా అవసరమైతే వాటిని పక్కకు తోసి చోటిస్తాయి. కనుక ఖాళీ తక్కువగా కనిపించినంత మాత్రాన కొరత ఉన్నట్టు కాదు. నిజంగా కొరత ఉంటే మెమరీలోని పేజీలు, అంటే చిన్న ముక్కలు, డిస్కు మీది పేజింగ్ స్థలానికి పోతూ వస్తూ ఉండాలి. అదే కమాండులో వాటికి పీఐ, పీఓ అని రెండు గడులు ఉన్నాయి. మా సర్వర్‌లో బ్యాకప్ చచ్చిపోయే నిమిషంలో కూడా ఆ రెండు గడుల్లో సున్నాలే. అంటే 32 జీబీ ఉన్న ఇంట్లో ఒక ప్రోగ్రాము ఆకలితో చచ్చిపోయింది, వంటింట్లో అన్నం లేక కాదు, దాని కంచానికి అంతే వడ్డించాలని ఎవరో ముందే రాసిపెట్టడం వల్ల.

ఆ రాత ఎక్కడుందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. యూనిక్స్‌లో ప్రతి వినియోగదారుడికీ ఒక ప్రోగ్రాము ఎంత మెమరీ తీసుకోవచ్చో, ఎంత పెద్ద ఫైలు రాయవచ్చో, ఎన్ని ఫైళ్లు ఒకేసారి తెరవచ్చో హద్దులు ఉంటాయి. షెల్‌లో యూలిమిట్ కమాండు ఇస్తే అవి కనిపిస్తాయి. ఏఐఎక్స్‌లో ఈ హద్దులు సెక్యూరిటీ డైరెక్టరీలోని లిమిట్స్ అనే ఫైలులో రాసి ఉంటాయి. వాటిలో ప్రోగ్రాము తన సమాచారానికి తీసుకోగల మెమరీని కట్టడిచేసే డేటా అనే హద్దుకు మొదటి నుంచీ వచ్చే విలువ 262144. ఇది బైట్లలో లెక్క కాదు, 512 బైట్ల దిమ్మెలలో లెక్క. గుణిస్తే సరిగ్గా 128 ఎంబీ. మా ఫైలులో ఆ అంకె అలాగే ఉంది. దానికి పైనే ఉన్న ఫైలు పరిమాణం హద్దును మాత్రం ఎప్పుడో ఎవరో "అపరిమితం" అని అర్థం వచ్చేలా మార్చి ఉన్నారు. బహుశా డేటాబేసు నకలు 1 జీబీ దాటినప్పుడు ఆగిపోయి ఉంటుంది, అప్పటి ఉద్యోగి ఆ ఒక్క వరస మార్చి ఊపిరి పీల్చుకుని ఉంటారు. కింది వరస మీద ఆయనకు పని పడలేదు.

మరి 40 జీబీ ఉన్న ఒక్క డేటాబేసు ఫైలును నెలల తరబడి ఇబ్బంది లేకుండా పంపిన ప్రోగ్రాము, ఒక్కోటి వంద, నూట యాభై కిలోబైట్లున్న చిన్న బొమ్మల దగ్గర ఎందుకు పడిపోయింది? మా ఏజెన్సీవారికీ మా పాలకవర్గానికీ మింగుడుపడనిది ఇదే. ఆర్‌సింక్‌కు ఫైలు ఎంత పెద్దదన్నది లెక్క కాదు, ఫైళ్లు ఎన్ని అన్నదే లెక్క. 3.0 కంటే ముందరి వెర్షన్లు పని మొదలుపెట్టే ముందు మొత్తం ఫైళ్ల జాబితాను మెమరీలో కట్టుకుంటాయి. ఒక్కో ఫైలు పేరుకూ దాని వివరాలకూ కలిపి సుమారు 100 బైట్లు పడుతుంది. ధాన్యం కాటాకు బస్తాల బరువు తెలుస్తుంది గానీ, గుమాస్తా రాసే ట్రక్ షీటులో బస్తా అయిదు కిలోలదైనా డెబ్బై అయిదు కిలోలదైనా ఒక వరసే పడుతుంది. అలాగే ఇక్కడ 40 జీబీ ఫైలుకు ఒక వరస, వంద కిలోబైట్ల బొమ్మకూ ఒక వరసే. 128 ఎంబీలో 100 బైట్ల వరసలు 13 లక్షల చిల్లర పడతాయి. ప్రోగ్రాము సొంత అవసరాలు పోను 12 లక్షలు దాటితే చిక్కు మొదలు కావాలి. గుమాస్తా రిజిస్టరులో రెండు గంటలు నాలుగు నిమిషాలుగా మారిన తేదీనాటి ఫైళ్ల సంఖ్యను స్కానింగ్ వారి రోజువారీ చిట్టా నుంచి తీసి చూశాం. 12 లక్షల 40 వేలకు అటూ ఇటూగా తేలింది. నా ఉద్యోగ జీవితంలో కాగితం మీద వేసిన లెక్క ఇంత దగ్గరగా నిజమైన సందర్భం మరొకటి లేదు.

జాబితా పూర్తయితేనే పంపడం మొదలవుతుంది. జాబితా కడుతూ మధ్యలో పడిపోతే ఆ రాత్రి వచ్చిన పది వేల కొత్త ఫైళ్లలో ఒకటి కూడా పోదు. అందుకే సగం బ్యాకప్ కూడా మిగలలేదు.

ఇక్కడ నదిని తలుచుకోకుండా ఉండలేను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉన్నవారికి పశువులను తోలుకుపోవడానికి కొంత సమయమైనా దొరుకుతుంది. మెమరీ హద్దుకు అలాంటి మెట్లు లేవు. దానికి మెత్తని హద్దు, గట్టి హద్దు అని రెండు రకాలు ఉన్న మాట నిజమే గానీ, మొదటిది హెచ్చరిక కాదు. మెత్తని హద్దును వినియోగదారుడు గట్టి హద్దు దాకా తానే పెంచుకోవచ్చు, గట్టి హద్దును పెంచే అధికారం సర్వర్ మీద సర్వాధికారాలున్న రూట్ ఖాతాకే ఉంటుంది, అంతవరకే వాటి తేడా. ప్రోగ్రాము 127 ఎంబీ వాడినప్పుడు ఎవరూ ఏమీ అనరు, 128 దాటబోతే అడిగిన చోటు ఇవ్వరు. కనుక మెట్లను మనమే కట్టుకోవాలి. మేము ఇప్పుడు వారానికోసారి ఫైళ్ల సంఖ్యను లెక్కపెట్టి, దాన్ని వందతో గుణించి, హద్దులో ఎన్నో వంతుకు వచ్చిందో రిజిస్టరులో రాస్తున్నాం.

హద్దు పెంచడం ఒక్క నిమిషం పని, కానీ ఆ పెంచడంలోనూ ఒక రాత్రి దెబ్బ తిన్నాం. నేను పగలు లాగిన్ అయి, నా షెల్‌లో యూలిమిట్ ఎత్తేసి, బ్యాకప్‌ను చేత్తో నడిపాను. రెండు గంటల్లో చక్కగా పూర్తయింది. సంబరంగా ఇంటికి పోయాను. రాత్రి 11 గంటలకు మళ్లీ 22. కారణం తర్వాత అర్థమైంది. హద్దులు తండ్రి నుంచి బిడ్డకు సంక్రమిస్తాయి. నా షెల్‌లో పెంచిన హద్దు నా షెల్ కన్న ప్రోగ్రాములకే చెందుతుంది. రాత్రి బ్యాకప్‌ను లేపేది నేను కాదు, సర్వర్ బూట్ అయినప్పటి నుంచి పాత హద్దులతో కూర్చున్న షెడ్యూలర్. లిమిట్స్ ఫైలులో అంకె మార్చినా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాముకు ఆ మార్పు తెలియదు, దాన్ని ఆపి కొత్త హద్దులతో మళ్లీ మొదలుపెట్టాలి. చేత్తో నడిపితే బాగుంటుంది, రాత్రి తనంతట తాను నడిస్తే పోతుంది అనే ఫిర్యాదు ఎక్కడ విన్నా, బ్యాకప్ స్క్రిప్టు మొదటి వరసలోనే యూలిమిట్ పెట్టి దాని జవాబును లాగ్‌లోకి రాయించమని నా సలహా. పగటి హద్దులు కాదు, రాత్రి ఆ ప్రోగ్రాముకు దక్కిన హద్దులు అందులో కనిపిస్తాయి.

మా మిత్రుడు ఒకరు ఈ సందర్భంలో, ఇన్ని తంటాలెందుకు, అందరికీ అన్నీ అపరిమితం చేసేయండి అన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. హద్దులు పెట్టింది మనల్ని ఏడిపించడానికి కాదు. ఎక్కడో తప్పు రాసిన ఒక ప్రోగ్రాము మెమరీని తినుకుంటూ పోతే, పగలు రైతులు రుణాల కోసం వరసలో నిలబడి ఉండగా సర్వర్ మొత్తం కూలబడకుండా అడ్డుకునేవి అవే. అందుకని అందరికీ వర్తించే భాగాన్ని ముట్టుకోకుండా, బ్యాకప్ నడిపే ఖాతా పేరుతో విడిగా భాగం రాసి, దానికి మాత్రమే పెంచాం. కాలువకు నీరు చాలడం లేదని లాకుల తలుపులన్నీ పీకి పక్కన పెట్టే ఇరిగేషన్ అధికారి ఎవరూ ఉండరు కదా.

అయిదు నెలలకు మళ్లీ అదే 22 వచ్చింది, ఈసారి 25 లక్షల ఫైళ్ల దగ్గర. అప్పటికి రిజిస్టరు నిజం చెప్పడం నేర్చుకుంది కనుక మర్నాడు ఉదయమే తెలిసింది. ఏఐఎక్స్ మీద 32 బిట్ ప్రోగ్రాములకు మామూలు అమరికలో డేటాకూ, తాత్కాలిక లెక్కలకు వాడే స్టాక్‌కూ కలిపి దక్కేది 256 ఎంబీ ఉండే ఒక్క సెగ్మెంటే, అంటే ఒక్క మెమరీ గదే. హద్దు అపరిమితమని రాసినా ప్రోగ్రాము ఆ గోడ దాటి పోలేదు. దాన్ని లేపేటప్పుడు మాక్స్‌డేటా అనే అమరికతో 8 సెగ్మెంట్లు, అంటే 2 జీబీ, ఇవ్వవచ్చని తెలుసుకుని అలాగే చేశాం. హెచ్‌పీ యూనిక్స్ నడిపేవారికి ఇలాంటి గోడే మాక్స్‌డీసిజ్ అనే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పరామితి రూపంలో ఉంటుంది.

ఇప్పుడు చాలామంది లినక్స్ వాడుతున్నారు, అక్కడ తంతు వేరు. మెమరీ నిజంగా నిండుకున్నప్పుడు కెర్నెల్ తానే ఒక ప్రోగ్రామును ఎంచి చంపేస్తుంది. పోయే ముందు నాలుగు మాటలు చెప్పే అవకాశం కూడా దానికి ఉండదు, అందువల్ల బ్యాకప్ లాగ్ మధ్యలో తెగిపోయి ఉంటుంది. ముగింపు అంకె 137 కనిపిస్తే, అంటే 128కి బలవంతపు చావు సంకేతమైన 9 కలిస్తే, కెర్నెల్ లాగ్‌లో చూడాలి, చంపిన ప్రోగ్రాము పేరు అక్కడ ఉంటుంది. ప్రోగ్రాములను విడి పెట్టెల్లా వేరుచేసే కంటెయినర్లలో నడిపేవారికి మెషీన్‌లో మెమరీ పుష్కలంగా ఉన్నా, కంటెయినర్‌కు కట్టిన హద్దు దాటితే ఇదే శిక్ష. లినక్స్‌లో నేపథ్య ప్రోగ్రాములను చూసుకునే సిస్టమ్‌డీ లేపే సర్వీసులు లాగిన్ అయ్యేవారి కోసం రాసిన లిమిట్స్ ఫైలును పట్టించుకోవు, వాటి హద్దులు సర్వీసు ఫైలులోనే రాయాలి. మా వంటి వారు ఏఐఎక్స్‌లో షెడ్యూలర్ దగ్గర తిన్న దెబ్బకు ఇది మరో రూపం.

మా వైపు గోడలన్నీ తొలగినా, ఫైళ్లు 30 లక్షలకు చేరేసరికి రాజమహేంద్రవరం మెషీన్ పడిపోవడం మొదలైంది. పాత ఆర్‌సింక్‌లో జాబితాను పంపేవాడూ మోయాలి, అందుకునేవాడూ మోయాలి. అక్కడ మా ఖాతాకు పెట్టిన హద్దు చిన్నది, దాన్ని పెంచే అధికారం మాకు లేదు. అవతల చచ్చిపోతే ఇవతల కనిపించే అంకె 22 కాదు, 12, అంటే మధ్యలో మాట తెగిపోయిందని మాత్రమే. అందుకే రెండు వైపుల లాగ్‌లూ చూడకుండా నెట్‌వర్క్‌ను తిట్టకూడదు.

అప్పుడు మేము చేసిన ఏర్పాటు డెల్టా రైతులకు కొత్తది కాదు. దాళ్వాకు నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదులుతారు. అలాగే మొత్తం 30 లక్షల ఫైళ్లను ఒక్క జాబితాగా కట్టకుండా, మండలానికొక డైరెక్టరీ చొప్పున విడివిడిగా ఆర్‌సింక్ నడపడం మొదలుపెట్టాం. ఒక వంతు ముగిశాకే మరో వంతు లేస్తుంది, ముగిసిన వంతు వాడిన మెమరీ మొత్తం తిరిగి వచ్చేస్తుంది. అన్నిటికంటే పెద్ద డైరెక్టరీలో నాలుగు లక్షల ఫైళ్లు ఉన్నాయి కనుక జాబితా 40 ఎంబీ దాటదు. మొదట్లో పెట్టిన 128 ఎంబీ హద్దులోనే ఇమిడిపోతుంది! ఈ పని మొదటి రోజే చేసి ఉంటే సెగ్మెంట్ల గొడవ మాకు తెలిసే అవసరమే ఉండేది కాదు.

అయితే వంతుల్లో ఎప్పుడూ ఉండే బాధ శివారు రైతుది. మొదట మేము డైరెక్టరీల పేర్లను స్క్రిప్టులో చేత్తో రాశాం. మూడు వారాల తర్వాత స్కానింగ్ వారు కొత్తగా ఒక డైరెక్టరీ తెరిచారు. అది వంతుల పట్టికలో లేదు. అన్ని వంతులూ సున్నాతో ముగిశాయి, ఆ కొత్త డైరెక్టరీకి మాత్రం చుక్క నీరు అందలేదు. ఇప్పుడు పేర్లను చేత్తో రాయడం మానేసి, ప్రతి రాత్రీ పని మొదలయ్యే ముందు అప్పటికి ఉన్న డైరెక్టరీల నుంచే పట్టిక తయారయ్యేలా మార్చాం. చివర రెండు వైపులా ఫైళ్ల సంఖ్య లెక్కించి పోల్చుతున్నాం. హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైలుకు ఒకటికి మించిన పేర్లు, వాడేవారు మరో సంగతి గమనించాలి, ఒకే ఫైలుకు రెండు వంతుల్లో రెండు పేర్లు ఉంటే అవతల అది రెండు వేర్వేరు ఫైళ్లుగా మారి డిస్కును తింటుంది.

అసలు మందు 2008 మార్చిలోనే వచ్చింది. ఆర్‌సింక్ 3.0 నుంచి జాబితాను ఒక్కసారిగా కట్టకుండా, డైరెక్టరీలను నడుస్తూ కొంచెం కొంచెంగా కడుతూ, పని అయిపోయిన భాగాన్ని వదిలేస్తూ పోతుంది. కానీ రెండు వైపులా 3.0 గానీ ఆపైది గానీ ఉంటేనే అలా నడుస్తుంది. ఒక వైపు పాతదైతే కొత్తది కూడా పాత పద్ధతికే దిగివస్తుంది. అంతేకాదు, అవతలి ఫైళ్ల తొలగింపును బదిలీకి ముందే గానీ బదిలీ అంతా ముగిశాక గానీ చేయమని అడిగే కొన్ని ఆప్షన్లు పెడితే, మొత్తం జాబితా మళ్లీ ఒకేసారి అవసరమవుతుంది, కొత్త వెర్షన్ వేసిన ఫలితం దక్కదు.

నేను కోరేదల్లా ఇంతే. సర్వర్లు కొనేటప్పుడు, నిర్వహణ ఒప్పందాలు రాసుకునేటప్పుడు మెమరీ ఎన్ని జీబీలు, డిస్కు ఎన్ని టీబీలు అని మన కార్యాలయాలు అడుగుతున్నాయి. బ్యాకప్ ఖాతాకు పెట్టిన హద్దులేమిటి, ప్రస్తుతం ఫైళ్లు ఎన్ని, బ్యాకప్ ప్రోగ్రాము వెర్షన్ రెండు వైపులా ఏది, విఫలమైతే ఏ అంకె ఎవరికి చేరుతుంది అనే నాలుగు సంగతులను ఒక్క కాగితం మీద రాసి అప్పగించమని ఏజెన్సీని అడిగిన కార్యాలయం నాకు ఇంతవరకు కనిపించలేదు. మేమూ అడగలేదు. అడిగి ఉంటే ఆ 32 జీబీ కొటేషన్ మీద పాలకవర్గంలో గంటసేపు చర్చ జరిగేది కాదు. ఆ కొటేషన్‌ను చివరికి తిరస్కరించాం. కొని ఉన్నా 12 లక్షల 40 వేల దగ్గరే బ్యాకప్ ఆగి ఉండేది.

ప్రతి నెలా మొదటి శనివారం గుమాస్తాగారు తనకు తోచిన ఒక గ్రామం, ఒక సంవత్సరం పేరు చీటీ మీద రాసిస్తారు. ఆ డైరెక్టరీని రాజమహేంద్రవరం నుంచి వేరే చోటికి తెప్పించి, అందులో ఆవిడ అడిగిన పేజీని తెరిచి చూపాలి. బీరువాలోని కాగితంతో పోల్చి చూసుకున్నాకే ఆవిడ సంతకం పెడతారు. అవతలి మెషీన్‌లో కొత్త వెర్షన్ వేయమని దాని యజమానులకు రెండుసార్లు రాశాం. వారు వేసేదాకా వంతులతోనే నడుపుకొస్తున్నాం.

ఇట్లు,
సహకార పరపతి సంస్థ కంప్యూటర్ విభాగ ఉద్యోగి,
అమలాపురం.